కదపకుండా ఉంచాలి

నా చెల్లెలికి ఇంట్లో పేరు జిగురు. చిన్నప్పుడు నన్ను అంటిపెట్టుకునే తిరిగేది. పెద్దదై పరిశోధకురాలయ్యాక కనిపెట్టింది మాత్రం అంటుకోని కట్టు. కాలిన గాయానికి మామూలు కట్టు కడితే పుండుకి కరుచుకుపోతుంది, మార్చిన ప్రతిసారీ కొత్తగా వచ్చిన చర్మం కూడా ఊడొస్తుంది. దీని జెల్ పొర అలా కాదు, మెల్లగా జారి వస్తుంది. దానికోసం అది తన వయసంతా ధారపోసింది.

ల్యాబులో గిన్నెడు చేస్తే ఎప్పుడూ బాగానే వచ్చేది. ఒక కంపెనీ ముందుకొచ్చింది. మేం ఫ్యాక్టరీలో చేయిస్తాం, ఆసుపత్రిలో పరీక్షించి నెగ్గితే అమ్ముతాం అన్నారు. తీరా అక్కడ చేస్తే పొర ముక్కలుముక్కలుగా విరిగింది. మళ్లీ చేశారు, మళ్లీ అంతే. ఇంకొక్కసారి చూస్తాం, కుదరకపోతే వదిలేస్తాం అని మేనేజరు తెగేసి చెప్పాడు.

ఆ రోజు చెల్లెలు మా ఇంటికొచ్చి నా మీద విరుచుకుపడింది.

"అన్నీ రాసిచ్చానక్కా! ఎంత వేడి, ఎంతసేపు కలపాలి, ఒక్కటీ వదల్లేదు. వాళ్లకి చేతకాక నన్నంటున్నారు."

"నా మీద అరుస్తావేమే? ఫ్యాక్టరీ నేను పెట్టానా?" అని, కోపం చల్లారాక భోజనం పెట్టాను.

కంపెనీ ఇంజినీరు ల్యాబుకే వచ్చి, తన ఎదురుగా చేసి చూపించమన్నాడు. చేసింది. దాని చేతుల్లోనే, దాని గిన్నెలోనే మొట్టమొదటిసారి పొర విరిగింది. సాయంత్రం ఫోన్లో ఒకటే ఏడుపు. అయినా నా నోరు ఊరుకోదుగా.

"మధ్యాహ్నం ఫోనెందుకు చెయ్యలేదే? మందు కలుపుతానన్నావని కుట్టుమిషను ఆపుకుని కూర్చున్నా."

"ఆయన నెత్తిమీద నిలబడుంటే నీతో కబుర్లెలా చెప్తానక్కా?"

అది ఎప్పుడు మందు చేసినా, జెల్ పొడి నీళ్లలో కరిగాక గిన్నె పక్కన పెట్టి నాకు ఫోన్ చేస్తుంది. మా ఆయన మీద నేను చెప్పే చాడీలు తీరిగ్గా విని, అప్పుడెళ్లి గట్టిపరిచే మందు పోస్తుంది. అక్కతో మాట్లాడటం కూడా ఒక పనా అని, అది రాసివ్వలేదు. ఉన్నట్టుండి అటువైపు ఏడుపు ఆగింది.

"అక్కా, ఫోన్ పెట్టెయ్," అంది.

మర్నాడు ఇంజినీరు ఎదుటే పొడి కరిగించి, నాకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టింది. "ఎప్పట్లాగే మాట్లాడక్కా."

పరాయి మనిషి వింటుంటే మా ఆయన గురక గురించి ఏం చెప్పను? "ఊఁ... ఎండగా ఉందే," అన్నాను. అది పకపకా నవ్వింది. ఆ నవ్వుకి నాకూ నోరు పెగిలింది, ఇక ఆగలేదు. నేను అలిసిపోయాక అది వెళ్లి గట్టిపరిచే మందు పోసింది. పొర నున్నగా, చెక్కుచెదరకుండా వచ్చింది. కరిగినట్టే కనిపించినా, పొడికి నీళ్లు పూర్తిగా పట్టాలంటే ఆ కాసేపూ కావాలట. "కదపకుండా ఉంచాలి" అని ఇంజినీరు రాసుకున్నాడు.

"రోజూ ఇంతసేపు మాట్లాడతారాండీ?" అని అడిగాడు.

"ఇవాళ తక్కువేనండీ," అన్నాను.

ఫ్యాక్టరీలో ఈసారి కుదిరింది. కాలిన గాయాల వార్డులో మొదటి కట్టు మార్చే రోజు నన్ను తోడు తీసుకెళ్లింది. ఇద్దరం తలుపు దగ్గరే నిలబడ్డాం. సగం మందికి కొత్త కట్టు, సగం మందికి పాతది. అలా పోల్చి చూస్తేగాని తేలదట.

మంచం మీద ఓ వెల్డరు, మోచేతి దాకా కాలింది. కట్టు మార్చేటప్పుడు అరవకుండా ఉండటానికి ఆ వార్డులో అందరూ తువ్వాలు కరిచిపట్టుకుంటారు. ఆయనా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. నర్సు పొర తీసి పళ్లెంలో పెట్టింది. ఆయనింకా కళ్లు తెరవలేదు.

"తీసేశానండీ," అందామె.

నోట్లోంచి తువ్వాలు లాగి, "ఎప్పుడు?" అన్నాడు.

నాకు గర్వంతో ఏడుపొచ్చింది.

పక్క మంచం మీదాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. తన తువ్వాలు మడతపెట్టుకుంటూ, "నర్సమ్మా, నాదీ అదేనా?" అని అడిగాడు.

ఆయనది పాత కట్టు. నర్సు ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

చెల్లెలు నన్ను బయటికి లాక్కొచ్చింది.

"ఇంటికి పదవే, నీకిష్టమైంది వండుతా," అన్నాను.

"ఫ్యాక్టరీకి పోతానక్కా. పరీక్ష అయ్యేసరికి అందరికీ సరిపడా ఉండాలి."

మెట్ల దాకా వచ్చాం. పాత కట్టు ఊడదీస్తున్నారేమో, ఆ పక్క మంచమాయన మూలుగు అక్కడికీ వినిపిస్తోంది.

"పో," అన్నాను. "తొందరగా పోవే."