సీసపు తరుగు

ఎండు కొబ్బరి కొనేటప్పుడు క్వింటాకి మూడు కిలోలు తరుగు తీస్తాను. కాయలో తేమ ఉంటుంది, గొడౌనులో ఆరిపోతుంది, ఆ నష్టం రైతుది. ఇన్నేళ్లలో కాదన్న రైతు లేడు.

1974లో రాజోలులో ఒక ప్రెస్సునూ, అందులో అచ్చయ్యే వారపత్రికనూ కొన్నాను. చదువు మీద మోజుతో కాదు. కొబ్బరి వ్యాపారికి తాసీల్దారు కుర్చీ చూపించడు, పత్రిక యజమానికి కాఫీ తెప్పిస్తాడు. కొన్న రోజునే ప్రెస్సులోని సీసపు అక్షరాలన్నీ తూయించాను. నాలుగు క్వింటాళ్ల పన్నెండు కిలోలు. ఫోర్‌మన్ దేవసహాయం చేత ఆ అంకె కింద సంతకం పెట్టించాను.

దేవసహాయం పత్రిక మొదటి సంచిక నుంచీ అక్కడే కంపోజిటరు. అక్షరాలుండే చెక్క గళ్లవైపు చూడకుండానే ఏరి పేర్చేవాడు. మాట తక్కువ.

1981 వేసవిలో ట్రెడిల్ తొక్కే ఎర్రయ్యకి రెండు వేళ్లు మిషన్లో నలిగిపోయాయి. ఆస్పత్రికి రిక్షా కిరాయి నేనే ఇచ్చాను. నా వరకు అక్కడితో సరి. దేవసహాయం వరకు కాలేదు. పత్రికల్లో పనిచేసేవాళ్లకి జీతాలు పెంచాలని వేజ్ బోర్డు చెప్పిందనీ, యూనియన్ ఉంటే గట్టిగా అడగవచ్చనీ అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. యూనియన్ రిజిస్టరు కావాలంటే ఏడు సంతకాలుండాలి. నా ప్రెస్సులో ఉన్నది సరిగ్గా ఏడుగురు.

ఏడో సంతకం పెట్టిన కంపోజిటరు అబ్బులు తిన్నగా నా గొడౌనుకి వచ్చాడు.

"సోమవారం కాకినాడ లేబరాఫీసుకి పోస్టులో పంపేస్తారండీ. కాగితం ఆయన జేబులోనే ఉంది."

"మరి నువ్వెందుకు పెట్టేవురా సంతకం?"

"పెట్టకపోతే మీకు చెప్పడానికి నాకెలా తెలుస్తాదండీ?" అని నవ్వాడు. "ఫోర్‌మన్ కుర్చీ ఖాళీ అయితే ఎవరిదండీ?"

"ముందు ఖాళీ అవనీ."

"ఆయ్."

అబ్బుల్ని వెనక్కి లాగితే ఆరుగురే మిగులుతారు. కాని వచ్చే నెల ఇంకో ఏడోవాడు దొరుకుతాడు. కొబ్బరిచెట్టుకి మట్ట నరికితే ఇంకో మట్ట వేస్తుంది. నడినెత్తిన మొవ్వు నరికితే మరి లేవదు.

శనివారం ఉదయం గొడౌను కాటా మోయించుకొని ప్రెస్సుకి వెళ్లాను. సంచిక అచ్చయిపోయి అక్షరాలన్నీ గళ్లలోకి చేరి ఉన్నాయి. ఏడుగురినీ నిలబెట్టి వాళ్ల ఎదుటే సీసం తూయించాను. మూడు క్వింటాళ్ల ఎనభై తొమ్మిది.

"ఇరవైమూడు కిలోలు ఏమైందయ్యా దేవసహాయం?"

"అరిగిపోతాయి కదండీ. విరిగినవి రెండుసార్లు రాజమండ్రి పంపించి కరిగించి పోయించేం. కరిగిస్తే మడ్డి పోద్ది. మీరే పంపేరు."

"కొబ్బరిలాగా సీసం కూడా ఎండుద్దేంటి?"

అబ్బులు కిసుక్కుమన్నాడు.

"కొబ్బరికి మీరు తరుగు తీస్తారు గదండీ," అన్నాడు దేవసహాయం.

"తీస్తాను. ఇవ్వను."

అతను చెప్పింది నిజమని నాకు తెలుసు. దొంగే అయితే ఏడేళ్లలో ఇరవైమూడుతో ఆగడు.

"జేబులో కాగితం చింపెయ్. సీసం సంగతి నేను మర్చిపోతాను," అన్నాను.

అతను జేబు మీద చెయ్యి వేసుకొని మిగతా ఆరుగురివైపూ చూశాడు. ఎవరూ తలెత్తలేదు.

"చింపనండీ."

నేను ఇంకో కాగితం రాశాను. తాళాలు దేవసహాయం దగ్గర ఉండగా ఇరవైమూడు కిలోల సీసం పోయిందనీ, అతనే అమ్ముకున్నాడని తమకు తెలుసుననీ. ఆరుగురూ సంతకం పెట్టాలన్నాను. పెట్టనివాడు అతనికి వాటాదారు, ఇద్దరూ కలిసి స్టేషనుకి నడవవచ్చు.

అబ్బులు మొదట పెట్టాడు. తర్వాత నలుగురు. ఎర్రయ్య చేతిలో మిగిలిన మూడు వేళ్ల మధ్య నిలవక కలం కింద పడింది. దేవసహాయం వంగి తీసి అతని చేతిలో పెట్టాడు.

"పెట్టేయ్ ఎర్రయ్యా. పిల్లలున్నోడివి."

నేను పోలీసు కేసు పెట్టలేదు. కేసంటే వాయిదాలు, వాయిదాలంటే ఖర్చు. నా పత్రిక నాకుంది. తర్వాతి సంచిక మొదటి పేజీలో, సీసం అమ్ముకున్నందుకు దేవసహాయాన్ని పనిలోంచి తీసేసినట్టు గడి కట్టి వేశాను. కంపోజు చేసింది కొత్త ఫోర్‌మన్ అబ్బులు. అమలాపురం, కొత్తపేట, రాజమండ్రి ప్రెస్సులన్నింటికీ ఆ సంచిక ఊరికే పంపాను.

ఎవరూ అతనికి పని ఇవ్వలేదు. కాకినాడకి కాగితమూ వెళ్లలేదు, యూనియన్ మాటా మళ్లీ వినబడలేదు. ఆరు నెలలకి దేవసహాయం నా గొడౌను గుమ్మంలోకి వచ్చి హమాలీ పని అడిగాడు. ఇచ్చాను. వీపు గట్టిదే. పైగా ఆ వీపు మీద బస్తా చూసి మిగతా ఆరుగురికీ ఏం అర్థం కావాలో అదే అర్థమైంది.

1987లో సీసపు అక్షరాలతో పనిలేని ఆఫ్‌సెట్ మిషన్ కొన్నాను. పాత సీసానికి రాజమండ్రి నుంచి లారీ వేసుకొని బేరగాడు వచ్చాడు. ప్రెస్సు నుంచి బస్తాలు మోసింది దేవసహాయమే. మూడు క్వింటాళ్ల ఎనభై తూగింది. అబ్బులు చేతికింద ఆరేళ్లలో ఇంకో తొమ్మిది పోయిందన్నమాట. నేనడగలేదు.

"క్వింటాకి ఆరు కిలోలు తరుగు కోస్తానండీ జగ్గయ్యగారూ," అన్నాడు బేరగాడు. "అరిగిన సరుకు. మడ్డి కూడా పోద్ది."

"రాసుకో. సరుకన్నాక తరుగు ఉండదా?"

బస్తా వీపు మీద పెట్టుకొని లారీ వైపు పోతున్న దేవసహాయం ఆగాడు.

"అది కూడా నా పేరునే రాస్తారా అండీ?"

హాస్యమనుకొని లారీవాడు పకపకా నవ్వాడు.

"బరువు మోస్తూ కబుర్లేంటయ్యా," అన్నాను. "లోపల ఇంకా నాలుగు బస్తాలున్నాయి."

అతను ఆ బస్తా లారీలో దించి, మిగతావాటికోసం లోపలికి వెళ్లాడు.