దలా బురదలో మంచు నడక

మంగరాజు మంచుకొండ ఎక్కి ముప్పై అయిదేళ్ళయింది. ఎక్కలేదన్న నిజానికీ అంతే వయసు.

కుర్రతనంలో అతనూ స్నేహితుడు పోలయ్యా, మొక్కలు వెతికే ఒక దొర దగ్గర వంటవాళ్ళుగా చేరి బర్మా ఉత్తరపు కొండలకి వెళ్ళారు. ఒక చలికాలం పొద్దున దొర బెత్తంతో అల్లిన చేటల్లాంటి చెప్పులు తీసి, ఇవి కట్టుకుని మంచు మీద తిరిగి సాయంత్రానికి వచ్చేద్దామన్నాడు. వెళ్ళింది పోలయ్య. మంగరాజు జ్వరంతో గుడారంలో మూడు దుప్పట్ల కింద మూలుగుతున్నాడు. పెళ్ళయిన కొత్తలో భార్య అచ్చమ్మ ముచ్చటపడి అడిగితే, పోలయ్య నడకంతా తనదే అని చెప్పేశాడు. ఆవిడ నమ్మింది. అక్కడితో ఊరుకోక, రంగూన్‌లోని చిమిండైంగ్ బజారులో వాళ్ళ మసాలా కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ జీలకర్రతో పాటు ఆ కథ కూడా పొట్లం కట్టి ఇచ్చేది. పోలయ్య నది అవతల దలా నుంచి వచ్చి గుమ్మం తొక్కాడంటే మాత్రం మంగరాజు మాట మార్చేసేవాడు. మంచు ఆ పూటకి కరిగిపోయేది.

ఎనభై ఎనిమిది సెప్టెంబరులో సైనిక ప్రభుత్వం మీద రంగూన్ అంతా సమ్మె. వీధి వీధికీ వెదురు కంచెలు, కొట్లన్నీ మూత. అచ్చమ్మ బియ్యం డబ్బా అడుగు గోకుతున్న రోజున పోలయ్య కబురు పెట్టాడు, ఒక బస్తా దాచాను, వచ్చి పట్టుకెళ్ళమని. రేవు పడవలు ఆగిపోయాయి. కో కో అనే బర్మావాడు తన సంపానులో, అంటే చిన్న తెడ్డు పడవలో, తీసుకెళ్తానన్నాడు గానీ, నీరు తగ్గే ఆటు వేళ అది ఒడ్డుకి యాభై గజాల ఇవతలే ఆగిపోతుంది. ఆ తర్వాత మోకాలు దాటే బురద.

“మంచులో నడిసినోరికి బురదొక లెక్కేటండి” అంటూ అచ్చమ్మ పాత చేటలు రెండు దింపింది. చేటని తొక్కితే లక్ష్మి అలుగుతుందని ముందు వాటికి దండం పెట్టింది. తరువాత వాటిని మొగుడి కాళ్ళకి కట్టడానికి కొబ్బరితాడు పట్టుకుని తనూ సంపాను ఎక్కింది.

మంగరాజుకి గుండె జారింది. బురదకి కాదు. ఒడ్డున పోలయ్య ఉంటాడు.

“నడుం పట్టేసినట్టుందే.”

“నడిసేది కాళ్ళు గదా” అంటూ ఆవిడ ముడి బిగించింది.

దలా ఒడ్డు బురదలో మొదటి అడుగు నిలిచింది. రెండోదీ నిలిచింది. అచ్చమ్మ కో కో వైపు గర్వంగా చూసింది. మూడో అడుగులో కుడి చేట ఎడమ చేటని తొక్కింది, మంగరాజు బోర్లా పడ్డాడు.

“కాళ్ళు ఎడంగా ఎయ్యాలిరా” అని ఒడ్డు మీంచి పోలయ్య కేకేశాడు. “మంచులో నానూ అలాగే పడ్డాను గదా.”

పోలయ్య బల్లచెక్క మీద బస్తా పెట్టుకుని బురదలో తోసుకుంటూ వచ్చి, దారిలో స్నేహితుణ్ణి కూడా ఏరుకుని సంపాను దగ్గరికి చేర్చాడు.

“అన్నయ్యా, మంచులో నడిసింది నువ్వా, ఈయనా?” అని అచ్చమ్మ అడిగింది.

పోలయ్య స్నేహితుడి ముఖం చూశాడు. బురదలో కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. “ఈడే సెల్లెమ్మా. నాకా దినం జొరం.”

మంగరాజు బతికిపోయాడు. బతికిపోయినందుకే సిగ్గేసింది. పోలయ్య బతుకులో చెప్పుకోదగ్గ రోజు అదొక్కటే, దాన్ని కూడా బస్తాతో పాటు ఇచ్చేశాడు.

“కాదే” అన్నాడు మంగరాజు. “నడిసింది ఆడే. జొరం నాది. నీకు అబద్దం సెప్పాను.”

అచ్చమ్మ చెంగుతో మొగుడి ముఖం తుడిచింది, కాస్త గట్టిగానే. తరువాత పోలయ్యకి చోటిచ్చి కూర్చోబెట్టుకుంది.

“అయితే నువ్వే సెప్పన్నయ్యా. నడిసినోడి నోట ఇంటాను.”

“ఏటుంది సెల్లెమ్మా, ఎల్లాం, నడిసాం, సలేసింది, వచ్చేసాం.”

“అలాగ్గాదు. ముందు వాగు గడ్డకట్టీసింది గదా, దొర టోపీ ఎగిరిపోనాది గదా. నువ్వు పట్టుకోబోయి పడ్డావు. లేచీసరికి కొండంతా ఎర్రగా ఎండ.” ఆవిడ చేతులు తిప్పుతూ చెప్పుకుపోతుంటే కో కో తెడ్డు వెయ్యడం మరిచిపోయాడు.

పోలయ్య నోరు తెరుచుకుని అంతా విన్నాడు. మెల్లిగా మంగరాజు వైపు వంగాడు.

“నాకు ఇన్ని జరిగినాయేటిరా?”