పంక్తిలో చోటు

రాత్రి మిగిలిన చపాతీలను ముక్కలుగా తుంచుతోంది ఉజ్వల. ఒక పొయ్యి మీద భర్త డబ్బాలోకి వంకాయ కూర, ఇంకోదాని మీద అత్తగారి ఉపవాసానికి సగ్గుబియ్యం కిచిడీ. ఈ ముక్కలు మాత్రం తన డబ్బాకి. ఉల్లిపాయ, వేరుశనగపప్పు వేసి తాలింపు పెడితే కుస్కరా. ఒక పేరు పెట్టగానే చద్ది కాస్తా వంటకమైపోతుంది. మహారాష్ట్రలోని ఆ కరాడ్ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా దాన్ని తినేది కోడలే. "చపాతీ పారేస్తే అన్నపూర్ణకి కోపమొస్తుంది, అమ్మాయీ" అని పెళ్ళయిన కొత్తలోనే అత్తగారు చెప్పింది. ఆ కోపం మగవాళ్ళ కంచాల జోలికి ఎందుకు రాదో ఉజ్వల అడగలేదు. అప్పట్లో ఆమెకు నోట్లో నాలుక లేదు.

ఇంట్లో నలుగురితో కూర్చుని ఎప్పుడు తిన్నదో ఆమెకే గుర్తులేదు. చపాతీ పెనం మీంచి నేరుగా కంచంలో పడాలి, అదీ ఆ ఇంటి మర్యాద. భర్త సుహాస్ తలెత్తకుండా "ఇంకోటి" అంటాడు. అందరూ లేచాక వంటగట్టు దగ్గర నిలబడి నాలుగు ముద్దలు మింగి అంట్ల ముందు కూర్చుంటుంది. అందుకే ఆమెకి తను పాఠాలు చెప్పే బాల్వాడీ అంటే ప్రాణం. వాళ్ళిచ్చే జీతాన్ని చూసి కాదు, మధ్యాహ్నం జరిగే అంగత్-పంగత్ కోసం, అంటే పంక్తి భోజనం కోసం. పిల్లలంతా గుండ్రంగా కూర్చుని డబ్బాలు తెరుస్తారు. ఒక కన్ను పక్కవాడి డబ్బా మీద ఉంచి, రెండోది మూసుకుని శ్లోకం చెబుతారు. మొదటి ముద్ద పక్కవాళ్ళ నోట్లో పెట్టాలి. అందరూ కూర్చునేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఉజ్వల వాళ్ళకి తాయీ, అంటే అక్క. "ఆగండ్రా, తాయీ ఇంకా కూర్చోలేదు!" అని ఎవరో ఒకరు అరుస్తారు. ఆ మాట వినడానికి ఆమె అప్పుడప్పుడూ కావాలనే ఆలస్యం చేసేది. చంటిపిల్లల చేత అడిగించుకోవాల్సిన గతి పట్టిందని సిగ్గేసేది కూడా.

ఓవీ అనే పిల్ల రోజూ పోట్లాడి మరీ ఆమె పక్కన చేరేది. కుస్కరా అంటే దానికి అంత ఇష్టం. ఇంట్లో తల్లి దగ్గర మారాం చేసింది, తాయీ పెట్టేదే కావాలని. మర్నాడు తల్లి బాల్వాడీకి వచ్చి అందరి ముందూ అరిచింది.

"బాదంపప్పులు పెట్టి పంపిస్తుంటే మా పిల్లకి చద్ది తినిపిస్తారా?"

ఆవిడ వెళ్ళాక ప్రధానోపాధ్యాయిని నింబాళ్కర్ బాయి ఉజ్వలను పిలిచింది. "రేపట్నుంచి నువ్వు పంగత్‌లో కూర్చోకు. నిలబడి చూసుకో, పిల్లలు వెళ్ళాక తిను. కూర్చోవాలని ఉంటే తాజాది తెచ్చుకో. మూడు చపాతీలు చేసుకోవడానికి కూడా బద్ధకమైతే ఎలా?"

బద్ధకమట! తెల్లారకముందే లేచి ఇంటిల్లిపాదికీ పిండి పిసికే చేతులను చూసుకుని ఉజ్వల నవ్వబోయింది. నవ్వు రాలేదు. మర్నాడు గోడ వారన నిలబడింది. "తాయీ కూర్చోలేదు" అన్నారు పిల్లలు. "నేను తర్వాత తింటాను, మీరు కానివ్వండి" అంది. రోజూ ఇంట్లో అనే మాటే. ఆ రోజు పిల్లలు దిక్కులు చూశారు. ఇంకో రెండు రోజులకు ఎవరూ ఆగలేదు. ఆమె వంక చూడను కూడా లేదు. ఆడది తర్వాత తింటుందని నేర్చుకోవడానికి పసివాళ్ళకు కూడా ఎంతోసేపు పట్టలేదు. నేర్పింది తనే. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఇకనుంచి నా డబ్బాలోకీ తాజా చపాతీలే పెట్టుకుంటాను" అంది ఆ సాయంత్రం.

సుహాస్ పేపర్లోంచి తల బయటపెట్టలేదు. "పెట్టుకో, ఎవరొద్దన్నారు? మరి మిగిలినవో?"

"మిగలకుండా సరిపడా చేస్తాను."

"చాలకపోతే?" అంది అత్తగారు. "మగాడు అడిగినప్పుడు చపాతీ లేదంటే ఇంటి పరువేం కాను? రెండు ఎక్కువే చెయ్యి. పొద్దున్న ఇంట్లోనే తినెయ్, ఎవరు చూడొచ్చారు?"

మర్నాడు ఉజ్వల వంకాయ కూర, వేడి చపాతీలు తన డబ్బాలో సర్దుకుంది. కుస్కరా భర్త డబ్బాలో పెట్టింది. మధ్యాహ్నం పిల్లల మధ్య కూర్చుంది. ఓవీ మొదటి ముద్ద నోట్లో పెడుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రాత్రి భోజనానికి కూర్చుంటూ సుహాస్ సంబరపడిపోయాడు. "ఏమే, ఆ కుస్కరా ఇంత బాగుంటుందా! మా ఆఫీసులో సావంత్ నా డబ్బా లాక్కుని మరీ తిన్నాడు. ఇన్నాళ్ళూ నువ్వొక్కదానివే లాగించేస్తున్నావన్నమాట!"

"అవి రాత్రి మిగిలిన చపాతీలండీ."

సుహాస్ నోట్లో ముద్ద ఆగిపోయింది. అత్తగారు కంచం ముందు నుంచి సగం లేచింది.

"మగాడికి చద్ది పెట్టడానికి చేతులెలా వచ్చాయే నీకు? ముప్ఫై ఏళ్ళు నేను తినలేదూ? ఏనాడైనా నోరెత్తానా?"

ఉజ్వల పెనం కింద మంట ఆర్పేసింది. చపాతీల గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. తనకూ ఒక కంచం వేసుకుని వాళ్ళిద్దరి మధ్య కూర్చుంది.

"అదే ఆయీ నేను చెప్పేదీ" అంది అత్తగారితో నెమ్మదిగా. "మీ వంతు మీరు తినేశారు, నా వంతు నేను తినేశాను. ఇక మిగిలింది ఈయన వంతే."