బావను బయట కూర్చోబెట్టిన రోజు

బేకరీ పిన్నికి ఆఫీసు కాగితాలంటే ఒళ్ళు మంట. అయినా ఈసారి వచ్చిన కొత్త నిబంధన విన్నాక ఆవిడకు కోపం కన్నా కుతూహలమే ఎక్కువైంది. పైదేశం వాళ్ళను పనిలో పెట్టుకున్న యజమాని, పర్మిట్ పొడిగించే ముందు షరతులన్నీ తన నోటితో తనే చెప్పాలట. పనివాళ్ళ తరఫు చుట్టాలుగానీ మేస్త్రీలుగానీ గదిలో ఉండకూడదట. దుబాసీని ఆఫీసువాళ్ళే ఫోన్లో కలుపుతారట.

ఇన్నాళ్ళూ ఆ దుబాసీ పని బావ చేసేవాడు. కట్టెల పొయ్యి మీద రొట్టెలు కాల్చేది అతనే. పిండి కలిపే అమ్మాయికి అక్క మొగుడు, ఆమెను ఇక్కడికి రప్పించినవాడు. ఆమెకు బావ కాబట్టి బేకరీ మొత్తానికీ బావ అయి కూర్చున్నాడు. ఆమె భాష పిన్నికి రాదు, పిన్ని భాష ఆమెకు రాదు. ఈవిడ ఏమన్నా ఆమె నవ్వి తలూపేది, అంతే. పిన్ని ఆమెకు పిండిపిల్ల అని పేరు పెట్టి, ఏళ్ళ తరబడి ఆ నవ్వుతోనే సరిపెట్టుకుంది. ఇప్పుడా నోట్లోంచి ఏం మాటలు వస్తాయో వినాలని ఆవిడకు ఆత్రం ఆగడం లేదు. భయమూ లేకపోలేదు. పిండిపిల్ల సరేనంటేనే పర్మిట్. ఆ చేతులు పోతే బేకరీకి తాళమే.

"నేను లేకపోతే అది నోరు విప్పదు పిన్నీ," అన్నాడు బావ, గుమ్మం వదలకుండా.

"విప్పకపోతే మూకాభినయం చేసుకుంటాంలే. నువ్వెళ్ళి నీ పొయ్యి చూసుకో," అని పిన్ని తలుపు వేసేసింది.

పిండి బస్తాల పక్కన రెండు స్టూళ్ళు, మధ్యలో ఫోన్. పనిగంటలు, సెలవులు, ఆమె ఉండే గది సంగతి పిన్ని చెబుతుంటే దుబాసీ అటు చెప్పాడు. అమ్మాయి తలూపింది. "ఇంకేమైనా అడగాలా?" అన్నది చివరి ప్రశ్న. అంతే, పిండిపిల్ల మాటలకు గట్టు తెగింది. అమ్మో, దీనికి ఇంత గొంతుందా అని పిన్ని నోరు వెళ్ళబెట్టింది.

"అమ్మా," అన్నాడు దుబాసీ, "ఈమెకు రొట్టెలు కాల్చడం నేర్చుకోవాలని ఉందట. ప్రతి ఏడూ అడిగిందట. ఆడపిల్లకు పొయ్యి అప్పగించనని మీరన్నారట. అందుకే ఇక ఉండనంటోంది. వేరేచోట పని చూసుకుందట."

"ఓరి వీడి దుంపతెగ! నేనన్నానా? నా భుజం పడిపోయిన దగ్గర్నుంచి నేను కాల్చే రెండో పొయ్యి వెలిగిందే లేదు. ఆ పిల్లకు నేర్పవయ్యా అని ఆ బావ ప్రాణం తీస్తున్నాను. నిప్పంటే భయమంటోంది పిన్నీ అని వాడే చెప్పాడు!"

ఆ మాట అటు చేరింది. పిండిపిల్ల మొహం జేవురించింది. తలుపు వైపు చూసింది. అవతల దగ్గు వినిపించింది. బావ పొయ్యి దగ్గరికి వెళ్ళనే లేదన్నమాట.

పొయ్యి తన ఒక్కడి చేతిలోనే ఉండాలని రెండువైపులా అబద్ధాలాడిన వాణ్ణి దులిపేద్దామని పిన్ని లేవబోయింది. ఈలోగా అమ్మాయి మెల్లగా ఏదో అంది.

"మీరు నన్నే ఎందుకు అడగలేదు అంటోందమ్మా."

పిన్ని మళ్ళీ కూలబడింది. భాష రాకనా? కూరగాయలవాడి భాషా రాదు, అయినా వేళ్ళు చూపించి వాడితో రోజూ బేరమాడుతుంది. సిగ్గుతో చచ్చిపోయి ఫోన్ వైపు వంగింది.

"నువ్వే ఏదో సర్దిచెప్పు నాయనా."

"నా మాటలు కలపకూడదమ్మా. మీరన్నదే చెప్పాలి."

"బుద్ధి లేక అని చెప్పు."

"అలాగే చెప్పమంటారా?"

"అలాగే చెప్పు."

దుబాసీ చెప్పాడు. పిండిపిల్ల నవ్వలేదు, తలూపలేదు. లేచి, తలుపు తీసి, బావను పక్కకు నెట్టి, రెండో పొయ్యి మూత లాగి పారేసింది. నాలుగు కట్టెలు లోపల పేర్చి, వెనక్కి తిరిగి పిన్నిని ఏదో అడిగింది. ఫోన్ గదిలోనే ఉండిపోయింది.

"పైఅరలో ఉంది అగ్గిపెట్టె," అంది పిన్ని.