కొత్త వార్డులో కేక

అయినా ఆ ఎమర్జెన్సీ బటన్ని కర్టెన్ వెనక పెట్టిన మహానుభావుడెవరో, ఎడిసన్‌లోని పాత ఆసుపత్రిలో అయితే మంచం తల దగ్గర ఎడమవైపు ఉండేది, చూడకపోయినా చెయ్యి దానంతటదే వెళ్ళేది అనుకుంటూ కృష్ణకుమారి ఆసుపత్రి పార్కింగ్‌లో కారులోనే కూర్చుంది, తాళం పెట్టింది గానీ తిప్పలేదు, నెబ్రాస్కా సాయంత్రపు ఎండ అద్దంలోంచి మొహాన కొడుతోంది, మొదటి షిఫ్ట్ అయిపోయింది, ముసలాయన బతికాడు, బతికాడు కదా, మరి ఇంకా ఇక్కడే కూర్చోవడమెందుకు, పదేళ్ళు ఒకే వార్డులో చేసిన మనిషి, కొత్తగా చేరిన పిల్లలంతా ఇదెక్కడ అదెలా అంటూ తన చుట్టూ తిరిగేవాళ్ళు, ఇక్కడేమో పొద్దున బోర్డు మీద తన పేరైనా రాయలేదు, ట్రావెలర్ అని రాసి ఊరుకున్నారు, భర్త రాజారావు ముందే అన్నాడు, ఉన్న ఉద్యోగం బాగానే ఉందిగా కుమారీ, మూడు నెలలకో ఊరు, ఊరికో ఆసుపత్రి, ఈ ట్రావెల్ నర్సు పని నీకెందుకు, ఒక్కదానివీ ఎలా ఉంటావు, తను గిన్నెలు సర్దుతూ, నా సంగతి ఎప్పుడూ నేనే చూసుకున్నానుగా అంది, ఎందుకంత కరుకుగా వచ్చిందో ఆ మాట, ఆయన మొహం చిన్నబోయింది, కూతురు రిషిత హోంవర్క్‌లోంచి తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది, మందుల గది కోడ్ మర్చిపోయినా వార్డు చూసుకునే చార్జ్ నర్స్ పామ్ విసుక్కోలేదు, ఏం కావాలన్నా పిలువు అంది, సరే అంది గానీ పిలవకూడదనే అనుకుంది, హాల్వర్సన్ న్యుమోనియాతో చేరిన ముసలి రైతు, మీ ఇండియాలో మొక్కజొన్న వేస్తారా అని అడిగాడు, వేస్తారు, మా మేనమామ వేసేవాడు అంటూ దిండు సర్దుతుంటే ఆయన గొంతులో గురక, పెదాలు నీలం, మంచం తల వైపు పైకి లేపింది, ఆక్సిజన్ మాస్కు పెట్టింది, అదంతా చేతులకు తెలుసు, కానీ బటన్, పొద్దున చూపించారే, గోడంతా తడిమింది, ఫోనెత్తి ఎమర్జెన్సీ నంబర్ నొక్కింది, అవతల ఎవరో తీరిగ్గా, కిచెన్ అన్నారు, తన వేళ్ళు నొక్కింది ఎడిసన్ ఆసుపత్రి నంబర్, ఇక్కడ అది వంటగదిది, రిసీవర్ జారిపోయింది, అప్పుడు పెట్టింది కేక, ఎవరైనా రండి, తొందరగా రండి అని, తెలుగులో, గొంతు చించుకుని.

వచ్చారు, ముందు పామ్, వెనక ఇంకో ఇద్దరు, ఒక్కరికీ ఆ మాట అర్థం కాలేదు, అయినా చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చారు, గొట్టం వేసి కఫం లాగేశారు, ఆయన పెదాలకు మళ్ళీ రంగొచ్చింది, ఏమన్నావో తెలీదు గానీ హనీ, భలే గట్టిగా అన్నావు అని పామ్ భుజం తట్టింది, అందరూ నవ్వారు, తనూ నవ్వింది, నవ్వుతూనే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చింది.

అది తన గొంతేనా, అలా ఎప్పుడైనా ఎవరినైనా పిలిచిందా, రిషిత తర్వాత రెండోసారి వచ్చిన కడుపు మూడోనెలలో పోయినరోజు, సీటు మీద తువ్వాలు పరుచుకుని తనే డ్రైవ్ చేసుకుంటూ ఆసుపత్రికి వెళ్ళింది, రెడ్ లైట్ల దగ్గర బుద్ధిగా ఆగింది కూడా, రాజారావుకి మీటింగ్ ఉంది, డిస్టర్బ్ చేయడం దేనికి, సాయంత్రం టీ ఇస్తూ చెప్పింది, ఆయన కప్పు కింద పెట్టేసి, నాకెందుకు ఫోన్ చేయలేదు అన్నాడు, ఫర్వాలేదండీ, అయిపోయిందిగా అంది, ఏం అయిపోయింది, ఆయన ఆ రోజు తన దగ్గరికి రాలేదన్న కోపం ఏళ్ళ తరబడి తనలో అలాగే ఉంది, ఆయన ప్రేమగా ఒక మాటన్నా పుల్లవిరిచినట్టు జవాబిచ్చింది, ఎందుకో ఆయనకు తెలీదు, తనూ చెప్పలేదు, పిలిస్తే మీటింగ్ వదిలి పరుగెత్తుకొచ్చేవాడో, పని ముగించుకుని నెమ్మదిగా వచ్చేవాడో, అదిక ఎప్పటికీ తెలీదు, తెలిసే వీలు ఆయనకు తనే ఇవ్వలేదు, రాలేదు రాలేదు అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపింది, తను పిలవనే లేదు.