పెరట్లో ఇనుప కుర్చీలు

వైన్ బార్ లైసెన్సుకు దరఖాస్తు చేస్తే, ఆ నోటీసు లేత నీలం కాగితం మీద ఉండాలి. దారినపోయేవాళ్లు ఆగి చదివేలా దుకాణం ముందు అంటించాలి. ఆ నిబంధన నాకు తెలుసు. అయినా నా చేతులు దాన్ని వెనక సందులో, పెరటి గేటుకు అంటించాయి.

నోటీసు చూడటానికి వచ్చిన టౌన్ కౌన్సిల్ ఉద్యోగిని మిసెస్ గాఫ్ ఆ గేటు ముందు కాసేపు నిలబడింది.

"మిస్టర్ ప్రైస్, ఈ సందులో ఎవరు నడుస్తారండీ?"

"పిల్లులు," అన్నాడు పక్క మంగలి షాపు క్లైవ్. "ఇంకా హెస్టర్."

హెస్టర్ ఎవరో ఆమె అడగలేదు. నోటీసు వీధి వైపు మార్చమనీ, అభ్యంతరాల గడువు మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తుందనీ చెప్పి వెళ్లిపోయింది.

"బుర్ర ఉందా నీకు?" అన్నాడు క్లైవ్. "వేసవి సగం అందులోనే పోతుంది. హెస్టర్‌కి చెప్పాలనుంటే వెళ్లి తలుపు తట్టొచ్చుగా, ఎడ్మండ్."

"తట్టొచ్చు," అన్నాను.

హెస్టర్ నా భార్యగా ఉన్న రోజుల్లో ఈ వైన్ బార్ మా ఇద్దరి ఊహ. బూట్ల దుకాణం ఖాళీ అయితే తీసుకోవాలని, లోపల నాలుగు బల్లలు, పెరటి గోడకు ద్రాక్ష తీగ. విడిపోయేటప్పుడు మేం పోట్లాడుకోలేదు. మాటలు వాటంతటవే తగ్గుతూ వచ్చి, చివరికి మర్యాదలు మాత్రం మిగిలాయి. ఆమె ఇప్పుడు సందు అవతల మేడ మీద ఉంటుంది. ఆమె కిటికీలోంచి చూస్తే కనిపించేది నా పెరడే.

దుకాణాన్ని బార్‌గా మార్చుకోవడానికి టౌన్ ప్లానింగ్ వాళ్ల అనుమతి అప్పటికే వచ్చింది. పొగ గొట్టం పెట్టకూడదు, ఖాళీ సీసాలు పగలే పారేయాలి. ఆ షరతులు ఆలోచించకుండా ఒప్పుకున్నాను. నా ఆలోచనంతా లైసెన్సు మీదే. అభ్యంతరం చెప్పినవాళ్లను విచారణకు పిలుస్తారు. మా వీధిలో ఎవరూ గోడ మీదుగా ఫిర్యాదు చేయరు. ఎండ బాగుందని పలకరించి, ఇంట్లోకెళ్లి కౌన్సిల్‌కు రాస్తారు. లైసెన్సు రాకపోతే నాకు బార్ లేదు. అభ్యంతరం రాకపోతే హెస్టర్ రాదు. నాకు రెండూ కావాలి.

ఒకే ఒక్క అభ్యంతరం వచ్చింది.

విచారణ గదిలో హెస్టర్ నాకు రెండు కుర్చీల అవతల కూర్చుంది. కోటు విప్పలేదు. కమిటీ పెద్ద మిస్టర్ బెబ్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"బార్ వద్దంటారా, అమ్మా?"

"వద్దనడం లేదండీ. రాత్రి తొమ్మిదికల్లా పెరడు ఖాళీ చెయ్యాలి. కుర్చీలు ఈడవకూడదు, ఎత్తి లోపల పెట్టాలి. ఈయన ఈడుస్తాడు."

"ఇంకా తెరవనేలేదుగా. ఈడుస్తారని మీకెలా తెలుసు?"

"ఒకప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాం లెండి."

ఎవరో నవ్వు ఆపుకున్నారు.

"పైగా ఇనుపవి కొన్నాడు," అంది. "మొన్న దింపుతుంటే చూశాను. ఆ రాళ్ల మీద ఎంత మోత వస్తుందో."

ఆ తర్వాత మిస్టర్ బెబ్ అడిగినది నాకు సగమే వినిపించింది. అంటే మొన్న ఆమె తన కిటికీ దగ్గర నిలబడింది. నా కుర్చీలు చూసింది.

"మిస్టర్ ప్రైస్, ఒప్పుకుంటారా? వేసవిలో తొమ్మిదింటికి ఇంకా వెలుగుంటుంది. మీకు నష్టం కదా."

"ఒప్పుకుంటాను."

లైసెన్సు వచ్చింది. బయట వరండాలో హెస్టర్ చేతి తొడుగులు వేసుకుంటూ, "తీగ తప్పు గోడకి పెట్టావ్. అక్కడ ఎండ పడదు," అని మెట్లు దిగిపోయింది.

ఇప్పుడు ప్రతి రాత్రి తొమ్మిదింటికి ముందే గ్లాసులు తీసి, వచ్చినవాళ్లను లోపలికి పంపి, కుర్చీలు ఒక్కొక్కటే ఎత్తి మోస్తున్నాను. చప్పుడు చేయను. ఆ కిటికీ మూసే ఉంటుంది. షరతు ఎంత బాగా పాటిస్తే ఆమెకు నాతో మాట్లాడే పని అంతగా ఉండదని మొదటి వారంలోనే అర్థమైంది.

నిన్న చివరి కుర్చీ ఎత్తి అలాగే ఆగిపోయాను. కుర్చీ కాలు ఒక్కటి రాయికి తగిలితే చాలు. ఫిర్యాదు వెళ్తుంది, లైసెన్సు మళ్లీ విచారణకు వస్తుంది, ఆమె కూడా వస్తుంది. బార్ పోవచ్చు. వేళ్లు లాగుతున్నాయి. ముందుకు నడవలేదు, కింద దించలేదు.

పైన కిటికీ తెరుచుకుంది.

"ఎంతసేపలా పట్టుకుంటావ్, ఎడ్మండ్? నడుం పట్టేస్తుంది. కింద పెట్టు."

నాలుగు కాళ్లూ ఒకేసారి ఆనేలా, మెల్లగా పెట్టాను. ఏ చప్పుడూ కాలేదు. తలెత్తకుండా, కిటికీ మూసుకునే చప్పుడు కోసం వింటూ నిలబడ్డాను. అది ఇంకా రాలేదు.