రెండు చెంచాల గంజి

రెండు చెంచాలు తాగించి రుక్కమ్మ గిన్నె మీద మూత పెట్టేసరికి, గడపలో కూర్చున్న అత్త బుగ్గమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

"గదేంది పిల్లా, మందు పోసినట్టు పోస్తున్నవ్? కన్నతల్లివేనా?"

మంచం మీద కూతురు శంకరమ్మ ఇంకా గిన్నె వైపే చూస్తోంది. నిజాం రాజ్యం పోయి పదేళ్లయినా, పథ్యం పేరుతో బాలింత కడుపు మాడ్చే చట్టం మాత్రం పోలేదు. బషీరాబాద్‌లో అత్తగారింట్లో శంకరమ్మకు కాన్పయితే, నీళ్లు కూడా కొలిచి పోశారు మహాతల్లులు. పుట్టిన పిల్లాడు మూడో రోజే పోయాడు. నెల తిరిగేసరికి ఎముకల గూడు మిగిలిన తల్లిని బండిలో వేసి తాండూరుకు పంపారు.

రుక్కమ్మ తాండూరు దవాఖానలో ఆయా. కరువు ఏడాది అలాంటివాళ్లకు ఎందరికో తినిపించిన చెయ్యి. మాడిన ఒంట్లో ఉప్పులు తారుమారై ఉంటాయని, ఒక్కసారిగా కడుపు నింపితే గుండె ఆగుతుందని డాక్టరమ్మ చెప్పేది. గంటకు రెండు చెంచాల పలచని గంజి, అందులో సీసా మందు, ఉప్పు వద్దు. శంకరమ్మను చూసీ అదే చెప్పింది. దవాఖానలో ఉంచుదామంటే రుక్కమ్మ మగడు ఈరయ్య ఒప్పుకోలేదు, పదిమంది నోళ్లలో పడతామని.

మూడో రోజుకు పాదాల వాపు కాస్త తీసింది. "అమ్మా, ఆకలైతుంది" అంది పిల్ల. అప్పుడే గొర్రెలు తోలుకొచ్చిన ఈరయ్య గయ్యిమన్నాడు.

"దవాఖానల దొడ్లు కడిగేదానివి, డాక్టరమ్మవైనవా? నా బిడ్డను ఎండబెట్టి సంపుతవా? పెట్టు బువ్వ!"

"జర ఆగు. ఇంకో నాలుగొద్దులు..."

"మల్ల ఎదురు మాట్లాడుతున్నవ్!"

ఇరవై ఏళ్లుగా ఆ కేకకు లొంగిన మనిషి. తెలిసి తెలిసి కంచం నిండా అన్నం వడ్డించింది, నెయ్యి పోసింది, బెల్లం కలిపింది. తినిపించింది కూడా తనే. పిల్ల నవ్వింది. మర్నాడు మధ్యాహ్నం శంకరమ్మకు ఊపిరి ఎగపోసింది. దవాఖానకు మోసుకెళ్లేలోపే పోయింది.

మూడోనాడు, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి కాకిపిట్టకు పెట్టే వేళ, "ఆకలితోని పోయింది బిడ్డ" అని చుట్టాలు ఏడుస్తున్నారు. ఈరయ్య విస్తరి రుక్కమ్మ ముందుకు తోశాడు.

"ఇప్పుడన్న కడుపు నిండ పెట్టు."

రుక్కమ్మ విస్తరి ముట్టలేదు. లేచి, కొంగు నడుముకు చెక్కి, దవాఖాన తోవ పట్టబోతూ ఆగింది.

"ఆకలితోని పోలే. కడుపు నిండ తిని పోయింది. నేను నీ మాట ఇన్నందుకు పోయింది."